ఉప్పు కరిగిందా, చెమ్మగిల్లిందా, నీరుగారిందా?

చిత్తుప్రతి
ఒక చిన్న వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. పిల్లల కోసం రాస్తున్న విజ్ఞాన పుస్తకంలో, కాల్షియం క్లోరైడ్‌ను పళ్ళెంలో పోసి గాలికి వదిలేస్తే అది గాలిలోని తేమను తనలోకి లాక్కుని, చివరికి ఆ తేమలోనే కలిసిపోయి ద్రవంగా మారుతుందని చెప్పాలి. నేను మొదట "కరిగిపోతుంది" అని రాశాను. పరిష్కర్త దానిని కొట్టివేసి "ద్రవీభవిస్తుంది" అని దిద్దారు. ద్రవీభవనం అంటే వేడికి ఘనపదార్థం ద్రవం కావడం కదా, ఇక్కడ వేడి ఎక్కడ ఉందని అడిగితే, "అయితే మంచి క్రియ మీరే చెప్పండి" అన్నారు. ఇంగ్లీషువారికి డెలిక్వెసెన్స్ అనే ఒక్క మాటతో పని జరిగిపోతోంది. వానాకాలంలో ఉప్పుడబ్బా మూత తీసిన ప్రతివారికీ తెలిసిన సంగతికి మనకొక క్రియ లేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

అల్లిబిల్లి
పరిష్కర్తను కూడా ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి గాలికి ఉంచి చూడండి. ఏమవుతారో దానిని బట్టి క్రియ తేలుతుంది.

సున్నపుతేట
ఇరవై ఏళ్ళుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను కనుక ముందు పదార్థం సంగతి చెప్పి, తరువాత పదం దగ్గరకు వస్తాను. పరిష్కర్త దిద్దుబాటు ఖాయంగా తప్పే. మామూలు ఉప్పు వేడికి ద్రవీభవించాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అదే ఉప్పు, గాలిలో సాపేక్ష తేమ (ఆ వేడిమిలో గాలి పట్టగలిగే తేమలో నిజంగా ఉన్న వంతు) సుమారు 75 శాతం దాటితే చాలు, గది వేడిమిలోనే తేమను పీల్చి తానే ద్రావణం అవుతుంది. ఈ రెండింటికీ ఒకే క్రియ వాడితే పిల్లవాడు గందరగోళపడక ఏం చేస్తాడు?

ఈ హద్దు ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క చోట ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు అది దాదాపు 33 శాతం, కాల్షియం క్లోరైడ్‌కు సుమారు 30 శాతం, లిథియం క్లోరైడ్‌కు 11 శాతం. శుద్ధి చేయని ఉప్పు ముందుగా తడవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. దానిలో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్, అసలు ఉప్పు ఇంకా పొడిగా ఉండగానే తేమను పిలుచుకు వస్తుంది.

ఒక చిన్న సవరణ. వేడి ఎక్కడ ఉందని అడిగారు. నీరు లేని కాల్షియం క్లోరైడ్ తేమను పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. అయితే అది మార్పు వల్ల వచ్చిన వేడి, మార్పు తెచ్చిన వేడి కాదు. మీ వాదనకు దీనివల్ల నష్టం లేదు.

తడిమట్టి
దీనికి "చెమ్మగిల్లు" అనే చక్కని క్రియ ఉండగా ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉప్పు చెమ్మగిల్లింది అంటే అందరికీ తెలుస్తుంది.

చిత్తుప్రతి
నేనూ మొదట అటే మొగ్గాను. కానీ కళ్ళు చెమ్మగిల్లితే కళ్ళు కరిగిపోవు కదా. గోడ చెమ్మగిల్లినా గోడ గోడగానే ఉంటుంది. తడి చేరిందన్నంత వరకే ఆ మాట చెబుతుంది. వస్తువు తన రూపాన్ని పోగొట్టుకున్నదని చెప్పదు.

అల్లిబిల్లి
చిన్నప్పుడు నేను చెమ్మ వచ్చి గిల్లితే కళ్ళలో నీళ్ళు వస్తాయని, అందుకే చెమ్మగిల్లాయంటారని అనుకునేవాడిని. తార్కికంగా ఇప్పటికీ నాకు అందులో లోపం కనిపించడం లేదు.

గసడదవ
అల్లిబిల్లి గారి నిరుక్తం బాగానే ఉంది కానీ, వర్ధిల్లు, విలసిల్లు, శోభిల్లు వంటి క్రియల పక్కన పెట్టి చూస్తే ఆ "ఇల్లు" ఒక స్థితిని పొందడాన్ని చెబుతున్నట్టు కనిపిస్తుంది. నడుమ ఉన్న గకారానికి వేరే సమాధానం వెతకాలి, దానిని ఇక్కడ తెగ్గొట్టలేము. చెమ్మ, చెమట, చెమర్చు అన్నవి ఒకే కుదురు మాటలు. వాటన్నిటిలోనూ తడి పైపొర మీదే ఉంటుంది. అందువల్ల చిత్తుప్రతి గారి అభ్యంతరం సరైనదే. చెమ్మగిల్లడం ఆరంభదశకు చెల్లుతుంది, ముగింపునకు చెల్లదు.

గోదాము తాళం
ఎరువుల గోదాములో పనిచేసేవాడిని. మేము రోజూ వాడే మాటలు చెబుతాను, పనికివస్తే తీసుకోండి. బస్తా కాస్త తేమ పీల్చి, గింజలు ఒకదానికొకటి అంటుకుంటే "గడ్డకట్టింది" అంటాము. కుట్టు విడిపోయిన బస్తా వారం రోజులు ముసురులో ఉండి, అడుగున తడి మరక కనిపిస్తే "నీరుగారింది" అంటాము. మొత్తం పాడైతే "నీరుగారిపోయింది" అంటాము. ఈ గోదాములో "కరిగింది" అన్న మాట నేను వినలేదు. కరగడమంటే మాకు ఎవరో నీళ్ళు పోసినట్టు, అంటే ఎవరి మీదనో నేరం మోపినట్టు.

సున్నపుతేట
గోదాము తాళం గారి చివరి వాక్యం ఈ చర్చకే ఆయువుపట్టు అనిపిస్తోంది. "కరుగు" అనే క్రియ వెనుక ఎప్పుడూ ఒక వేడో, ఒక ద్రవమో ముందే సిద్ధంగా ఉంటుంది. మైనం వేడికి కరుగుతుంది, చక్కెర నీటిలో కరుగుతుంది. ఇక్కడ మాత్రం ద్రవం ముందుగా లేదు. పదార్థమే దానిని గాలిలోంచి పోగుచేసుకుంటుంది.

మీ బస్తాల గురించి ఇంకొక మాట. యూరియా ఒంటరిగా ఉంటే 30 డిగ్రీల దగ్గర సుమారు 72 శాతం తేమ వరకు తట్టుకుంటుంది. అమ్మోనియం నైట్రేట్ 59 శాతం వరకు తట్టుకుంటుంది. రెండింటినీ కలిపితే ఆ హద్దు 18 శాతానికి పడిపోతుంది. అంటే పొడిగా ఉన్నట్టు తోచే గాలి కూడా ఆ మిశ్రమానికి తడిగాలే.

గోదాము తాళం
ఆ అంకెలు నాకు తెలియవు కానీ, ఆ రెండింటినీ పక్కపక్కన పేర్చవద్దని మా పాత మేస్త్రీ ఎందుకు అరిచేవాడో ఇప్పుడు తెలిసింది.

పదసంపద
ఇంత శ్రమ లేకుండా "ఆర్ద్రద్రవణం" అని ఒక పారిభాషిక పదాన్ని స్థిరపరిస్తే సరిపోతుంది. క్రియగా "ఆర్ద్రద్రవించు" అనవచ్చును. శాస్త్రానికి నిక్కచ్చి అయిన పదం కావాలి. వంటింటి మాటలు, గోదాము మాటలు ఊరూరికీ మారుతూ ఉంటాయి.

తడిమట్టి
ఆర్ద్రద్రవించు అని మూడుసార్లు పైకి చదివి చూశాను. రెండోసారికే నాలుక గడ్డకట్టింది.

చిత్తుప్రతి
పదసంపద గారు, నా పాఠకులకు పదేళ్ళు. "ఆర్ద్రద్రవించు" అంటే ఏమిటో వారికి చెప్పడానికి మళ్ళీ "తేమను పీల్చి నీరుగారిపోవడం" అనే రాయాలి. అలాంటప్పుడు వివరణలోని మాటనే ముందు పెడితే పోదా?

ఎర్రసిరా
నేను పత్రికలో ఉపసంపాదకుణ్ణి. "నీరుగార్చు" అనే మాట మా చేతులలో రోజుకు పదిసార్లు నలుగుతుంది. చట్టాన్ని నీరుగార్చారు, పథకం నీరుగారిపోయింది, కేసును నీరుగారుస్తున్నారు అని రాస్తాము. ఇంతకాలం దీనిని పలచబరచడం అనే అర్థంలో, అంటే చిక్కటి దానిలో నీళ్ళు కలపడమనే పోలికగా అనుకుంటూ వచ్చాను. గోదాము తాళం గారి బస్తా గురించి చదివాక అనుమానం కలుగుతోంది. చట్టాన్ని నీరుగార్చేవారు దానిలో ఏమీ కలపరు. కుట్టు విప్పి గాలికి వదిలేస్తారు, అంతే. కొన్నాళ్ళకు అది తనంతట తానే అడుగున మరకగా మిగులుతుంది. ఆ పోలిక పలచబరచడం నుంచి కాక, ఈ తడిసిన ఉప్పు నుంచే వచ్చి ఉండవచ్చునా?

గసడదవ
ఎర్రసిరా గారి ఊహ ఆకర్షణీయంగా ఉంది కానీ, పోలిక ఎక్కడ పుట్టిందో నిరూపించడం కష్టం. పదం నిర్మాణాన్ని మాత్రం పరీక్షించి చూడవచ్చును. ఇది కొంచెం పొడవుగా సాగుతుంది, ఓపిక పట్టండి.

"నీరు కారు" అని విడిగా రాసినప్పుడు అందులో కర్త నీరే. కుండ నుంచి నీరు కారుతోంది అన్నప్పుడు కారేది నీరు, కుండ కాదు. కుండలు పది ఉన్నా "నీరు కారుతోంది" అనే అంటాము, క్రియ కుండల వెంట బహువచనంలోకి వెళ్ళదు. ఇప్పుడు ఈ వాక్యం చూడండి. "బిళ్ళలన్నీ నీరుగారిపోయాయి." క్రియ బిళ్ళల వెంట బహువచనంలోకి వెళ్ళింది. అంటే నీరు ఇక కర్త కాదు, క్రియలో ఒక ముక్కగా కరడుగట్టింది. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే మనిషిని తీసుకోండి. "ఆ మాట వినగానే అతడు నీరుగారిపోయాడు" అంటాము. క్రియ "అతడు" అనే కర్తను బట్టి "పోయాడు" అయింది. ఒక్క చుక్క నీరు కూడా ఎక్కడా కారలేదు, కారిపోయినది మనిషే.

ప్రథమావిభక్తి మీద వచ్చే పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయని బాలవ్యాకరణం చెబుతుంది. బహుళం కనుక "నీరు కారు", "నీరు గారు" రెండూ ఒప్పులే. నేటి వాడుక ఆ ఐచ్ఛికాన్ని తెలివిగా రెండు పనులకు పంచుకుందని నా అభిప్రాయం. కకారంతో విడిగా రాస్తే నీరు చుక్కలుగా దిగడం. గకారంతో కలిపి రాస్తే వస్తువు తన గట్టిదనాన్ని కోల్పోవడం. "కన్నీరు కార్చారు" అన్నప్పుడు ఎవరూ గకారం రాయరు. "హామీని నీరుగార్చారు" అన్నప్పుడు ఎవరూ కకారం రాయరు. ఒకే ధాతువు, ఒకే నీరు, అయినా రెండు దారులు.

ఎర్రసిరా
ఇరవై ఏళ్ళుగా గకారం పెడుతున్నాను కానీ ఎందుకు పెడుతున్నానో ఇవాళే తెలిసింది.

తడిమట్టి
గసడదవ గారితో ఒక్కచోట విభేదిస్తాను. మా ఇంట్లో కప్పు కారినా "నీరుగారుతోంది" అనే అంటారు, కన్నీళ్ళు కూడా "గారుస్తారు". కాబట్టి ఈ పంపకం రాతలో జరిగింది, నోటిలో జరగలేదు.

గసడదవ
ఒప్పుకుంటున్నాను. రాతకే పరిమితం అని చేర్చవలసింది. కర్త పరీక్ష మాత్రం నోటిమాటకూ నిలుస్తుంది. మీ ఇంట్లో కప్పులు నాలుగు కారితే "కప్పులు నీరుగారిపోయాయి" అంటారా?

తడిమట్టి
అనరు. అంటే ఇల్లు మిగలలేదని అర్థం.

సున్నపుతేట
ఇంకొక చిక్కు మిగిలి ఉంది. ఉప్పు చల్లిన కూరగాయల ముక్కలు కూడా నీరు కారుతాయి. అక్కడ నీరు గాలి నుంచి రాలేదు, ముక్కలోంచే బయటకు వచ్చింది. పదార్థశాస్త్రపరంగా అది పూర్తిగా వేరే చర్య. మన క్రియ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం లేదన్నది దాని పరిమితి.

గోదాము తాళం
ఆ ముక్కలు నీరూరాయి అంటాము. ఊరడం లోపలి నుంచి. బావిలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది. బస్తా ఊరదు.

సున్నపుతేట
తరగతి గదిలో ఇంత స్పష్టంగా చెప్పగలిగితే బాగుండేది. లోపలి నుంచి అయితే ఊరడం. బయటి నీటిని తాగి రూపం నిలుపుకుంటే నానడం లేదా ఉబ్బడం. బయటి తేమను పీల్చి రూపం పోగొట్టుకుంటే నీరుగారిపోవడం. కొత్త డబ్బాలలో, సంచులలో పెట్టే సిలికా జెల్ పొట్లాన్ని ఈ లెక్కన చూడండి. అది తేమను పీలుస్తుంది కానీ గింజలు గింజలుగానే ఉంటాయి. దానికి నీరుగారడం అనే మాట చెల్లదు, తేమను పీల్చేది అని మాత్రమే అనాలి.

మూతలేనిడబ్బా
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు నా గోడు చెప్పక తప్పడం లేదు. బట్టల బీరువాలో బూజు పట్టకుండా, తెల్లటి గుళికలున్న ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి పెట్టాను. రెండు నెలలలో పై అరలోని గుళికలు తగ్గిపోయి, కింది అరలో నీళ్ళు నిలిచాయి. ఒకరోజు చీర లాగేటప్పుడు ఆ డబ్బా బోర్లాపడింది. మామూలు నీళ్ళే కదా, ఆరిపోతాయిలే అనుకుని తుడవకుండా వదిలేశాను. మరుసటి రోజుకూ తడిగానే ఉంది. ఫ్యాను పెట్టాను, తలుపులు తీసి ఉంచాను. వారం గడిచినా చెక్క మీద ఆ మరక నూనె పూసినట్టు మెరుస్తూనే ఉంది. వేలితో తాకితే జారుడుగా తగిలింది. ఇంతకూ అది నీరేనా?

సున్నపుతేట
అది నీరు కాదు, కాల్షియం క్లోరైడ్ ద్రావణం. మీ గదిలో తేమ 30 శాతం కంటే తగ్గితే తప్ప అది పూర్తిగా ఆరదు. తలుపులు తీసి ఉంచడం వల్ల దానికి మరింత తేమను అందించారు. తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, ఆ తరువాత పొడిగుడ్డతో తుడవండి. ముందు ఉప్పును తీసేయాలి, నీటి సంగతి తరువాత. తోలు వస్తువుల మీద గానీ ఇనుము మీద గానీ పడి ఉంటే ఇంకా త్వరగా తుడవాలి.

అల్లిబిల్లి
తడిని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టమన్న సలహా ఈ వేదికలో ఇదే మొదటిది.

మూతలేనిడబ్బా
తడిగుడ్డతో తుడిచాను, మూడోసారికి ఆరింది. అల్లిబిల్లి గారు నవ్వినా ఫరవాలేదు.

పదసంపద
నా పదాన్ని వెనక్కు తీసుకోవడం లేదు కానీ, ఒక ప్రశ్న. దీనికి వ్యతిరేక క్రియకు ఏం చేస్తారు? స్ఫటికంలో ఉన్న నీరు గాలిలోకి పోయి, పదార్థం పొడిగా రాలడానికి కూడా శాస్త్రంలో పేరు ఉంది. ఒకదానికి జనుల మాట, మరొకదానికి శాస్త్రపదం పెడితే జోడీ కుదరదు.

సున్నపుతేట
దానికి "పొడిబారడం" ఉంది. బట్టల సోడా స్ఫటికాలను గాలికి ఉంచితే అద్దంలా ఉన్నవి కొన్నాళ్ళకు తెల్లబడి, పొడిబారుతాయి. రెండింటినీ ఒకే పళ్ళెంలో చూడవచ్చును కూడా. సోడియం హైడ్రాక్సైడ్ గుళికను ప్రయోగశాలలో గాజు పళ్ళెం మీద పెట్టి మా విద్యార్థులకు చూపిస్తుంటాను. పాలతెలుపు గుళిక ముందు మసకబారుతుంది, ఆ తరువాత దాని మీద సన్నని మెరుపు పొర వస్తుంది. గంటలు గడిచేకొద్దీ అది తన చుట్టూ తానే చేసుకున్న మడుగులో కూర్చుంటుంది, ఆఖరికి మడుగు మాత్రమే మిగులుతుంది. అక్కడితో కథ అయిపోలేదు. ఆ మడుగు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టుకుని, రోజులు గడిచేకొద్దీ సోడియం కార్బొనేట్‌గా మారి, అంచుల నుంచి తెల్లటి పొరగా గట్టిపడి పొడిబారుతుంది. నీరుగారినదే పొడిబారింది. అయితే ఇది ఒంటిని కాల్చే పదార్థం కనుక చిత్తుప్రతి గారు దీనిని పిల్లల పుస్తకంలో పెట్టవద్దు.

ఎర్రసిరా
పొడిబారు, నీరుగారు. పదసంపద గారు, జోడీ కుదరడమే కాదు, ప్రాస కూడా కుదిరింది.

పదసంపద
సరే, ప్రాసకు తలవంచుతున్నాను. పదసూచికలో నా పదాన్ని కుండలీకరణంలోనైనా పెట్టమని మనవి.

గసడదవ
చివరి "పోవు" గురించి ఒక మాట చెప్పి ఊరుకుంటాను. గోదాము తాళం గారు మొదటే రెండు దశలు చెప్పారు, మనమే గమనించలేదు. అడుగున మరక కనిపిస్తే "నీరుగారింది", మొత్తం పాడైతే "నీరుగారిపోయింది". ఆ "పోవు" ఇక్కడ వెళ్ళడం కాదు, తిరిగిరానంతగా ముగియడం. డెలిక్వెసెన్స్ అనే మాట రెండో దశనే చెబుతుంది కనుక అనువాదంలో "పోవు"ను జారవిడవకూడదు.

చిత్తుప్రతి
అయితే నా వాక్యం ఇలా వచ్చింది. "పళ్ళెంలోని కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని ముందు చెమరుస్తుంది, ఆ పైన కొద్దికొద్దిగా నీరుగారిపోతుంది." తడిమట్టి గారి చెమ్మకు మొదటి సగంలో చోటు దొరికింది. పదసంపద గారి పదాన్ని పదసూచికలో పెడతాను, మాట ఇస్తున్నాను. రేపు పరిష్కర్తకు పంపుతాను.

చిత్తుప్రతి
పరిష్కర్త జవాబు వచ్చింది. వాక్యానికి ఒప్పుకున్నారు కానీ, "నీరుగారిపోతుంది అంటే కాల్షియం క్లోరైడ్ నిరుత్సాహపడిందని పిల్లలు అనుకోరా?" అని అంచున రాశారు.

అల్లిబిల్లి
వారం రోజులు పళ్ళెంలో ఒంటరిగా పడి ఉంటే ఎవరైనా నిరుత్సాహపడతారు. అనుకోనివ్వండి.

గోదాము తాళం
పక్కన పళ్ళెం బొమ్మ వేయించండి. మరక కనిపించాక మాట దానంతట అదే తెలుస్తుంది. మాకు మాత్రం ఎవరు నేర్పారు?

చిత్తుప్రతి
బొమ్మ గీయించడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న పంపారు. "నీరు", "గారి" అనే ముక్కల మధ్య ఖాళీ ఉండాలా అని.

ఎర్రసిరా, గసడదవ గారి తరఫున
వద్దు. ఖాళీ వదిలితే పళ్ళెం కారుతోందని అర్థం వస్తుంది.